రైలు దిగిన ధాన్యం రోడ్డెక్కితే: కెనడా మైదానాల్లో హైవే 13

మన ఇళ్లలో వండుకునే మసూర్ పప్పులో కొంత కెనడా నుంచి వస్తుంది. కొందరు దీన్నే మైసూర్ పప్పు అంటారు, కొందరు ఎర్రపప్పు అంటారు. కెనడాలో పండే మసూర్‌లో చాలా భాగం ఒక్క సస్కాచెవాన్ ప్రావిన్సుదే. అక్కడి పొలంలో కోసిన గింజ ఓడరేవుకు రైల్లో వెళ్తుంది. కానీ రైలెక్కే చోటికి చేరాలంటే ముందు యాభై, అరవై, ఒక్కోసారి వంద కిలోమీటర్లు ట్రక్కులో వెళ్లాలి. ఆ ట్రక్కు వెళ్లేది నాలుగు వరసల జాతీయ రహదారి మీద కాదు. ఊళ్ల మధ్య రెండు వరసల ప్రావిన్షియల్ హైవే మీద.

సస్కాచెవాన్ దక్షిణ అంచున సాగే హైవే 13 అలాంటిదే. పడమర ఆల్బెర్టా సరిహద్దు నుంచి తూర్పున మానిటోబా సరిహద్దు దాకా 670 కిలోమీటర్లకు పైగా పొడవు. కాన్సల్, ఈస్టెండ్, షానవాన్, పాంటీ, అసినిబోయా, ఓగెమా, వేబర్న్, స్టౌటన్, కార్లైల్, రెడ్‌వర్స్ దీని మీది ఊళ్లు. ఆల్బెర్టాలోకి వెళ్తే ఇదే 501, మానిటోబాలోకి వెళ్తే 2. 1874లో ఎర్రకోట్లు వేసుకున్న నార్త్ వెస్ట్ మౌంటెడ్ పోలీసు దళం పడమరకు నడిచిన దారికి ఇంచుమించుగా దగ్గరగా ఉంటుంది కనుక రెడ్ కోట్ ట్రెయిల్ అని కూడా అంటారు.

ఇలాంటి రోడ్లను మొదటిసారి చూసిన వాళ్లు, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో చూసిన వాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: ఇంత సంపన్న దేశంలో రోడ్లు ఇలా ఎందుకున్నాయి? కాంట్రాక్టరు దోపిడీ అనో, అధికారుల అలసత్వమనో వెంటనే ఒక జవాబు తోస్తుంది. అసలు కారణం వేరు. ఈ రోడ్లను వేసినప్పుడు ధాన్యం రైల్లో పోతుందనే లెక్కతో వేశారు. తర్వాత రైలు తప్పుకుంది, బరువు రోడ్డు మీదికి వచ్చింది. రోడ్డు కింద ఉన్నది మాత్రం అదే బంకమన్ను.

గళ్ల నుడికట్టులా గీసిన నేల

పటంలో సస్కాచెవాన్ దక్షిణ భాగమంతా చదరాలుగా కనిపిస్తుంది. 1871లో మొదలైన డొమినియన్ ల్యాండ్ సర్వే, అంటే కెనడా ప్రభుత్వం చేయించిన భూమి కొలత, గీసిన గీతలవి. ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు ఉన్న ముక్కను టౌన్‌షిప్ అన్నారు. అందులో 36 సెక్షన్లు, ఒక్కోటి చదరపు మైలు, అంటే 640 ఎకరాలు. 1872 చట్టం ప్రకారం పది డాలర్ల రుసుము కట్టిన కుటుంబానికి సెక్షన్‌లో పావువంతు, 160 ఎకరాలు, సాగు చేసి అక్కడే నివసించే షరతు మీద ఇచ్చారు. సస్కాచెవాన్‌లో ఎక్కువ భాగంలో ఉత్తర దక్షిణాలుగా మైలుకొకటి, తూర్పు పడమరలుగా రెండు మైళ్లకొకటి చొప్పున 66 అడుగుల వెడల్పున రోడ్డుకు స్థలం వదిలారు. 66 అడుగులంటే సర్వేయరు గొలుసు ఒకటి.

ఈ పద్ధతికి భూమి గుండ్రంగా ఉండడం అడ్డు వచ్చింది. ఉత్తరానికి పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి. 49 డిగ్రీల అక్షాంశం దగ్గర ఆరు మైళ్ల వెడల్పుతో మొదలుపెట్టి 24 మైళ్లు ఉత్తరానికి వెళ్తే, ఆ వెడల్పు 65–70 మీటర్లు తగ్గిపోతుంది. దీన్ని సర్దడానికి 24 మైళ్లకొక దిద్దుబాటు గీత పెట్టారు. ఆ గీత దగ్గర ఉత్తర దక్షిణ రోడ్లు ఒకదానికొకటి కలవవు. తిన్నగా వస్తున్న రోడ్డు హఠాత్తుగా పక్కకు తిరిగి, కొంత దూరం పోయి, మళ్లీ ఉత్తరానికి మళ్లుతుంది. చెట్టూ గుట్టా ఏమీ లేని చోట ఎందుకీ వంపు అని కొత్త డ్రైవరు తికమక పడతాడు. రాత్రిపూట ఈ మలుపులే ప్రమాదకరం.

హైవే 13లో కొంత భాగం ఈ సెక్షన్ గీతలను పట్టుకుని మూల తిరుగుతూ పోతుంది, కొంత భాగం రైలు పట్టాల పక్కన సాగుతుంది. ఊళ్లన్నీ పట్టాల వెంబడే పుట్టాయి కాబట్టి ఆ రెండో భాగమే ముఖ్యం.

పది కిలోమీటర్లు వంద కిలోమీటర్లైన తీరు

గుర్రపు బండి మీద ధాన్యం తోలుకెళ్లి, దించి, సాయంత్రానికి ఇల్లు చేరాలి. ఆ లెక్కతోనే పట్టాల వెంబడి పది పదిహేను కిలోమీటర్లకొక చెక్క ఎలివేటర్ కట్టారు. ధాన్యాన్ని పైకెత్తి నిల్వ చేసి వ్యాగన్లలోకి వదిలే ఎత్తైన గిడ్డంగి అది. 1930లలో ప్రెయిరీ ప్రావిన్సుల్లో (ఆల్బెర్టా, సస్కాచెవాన్, మానిటోబా) ఇవి 5,700 పైచిలుకు ఉండేవి. గుర్రపు బండి పోయి చిన్న ట్రక్కు వచ్చాక కూడా రోడ్డు మీద పడింది ఏడెనిమిది టన్నుల ధాన్యమే, అదీ కొద్ది దూరమే.

రైలు రవాణా చౌకగా ఉండడానికి చట్టం అండగా నిలిచింది. 1897 నాటి క్రోస్ నెస్ట్ పాస్ ఒప్పందంతో మొదలైన తక్కువ ధరలు రకరకాల రూపాల్లో దాదాపు వందేళ్లు సాగాయి. 1983లో వాటి స్థానంలో కొత్త చట్టం, దానితో నేరుగా రైల్వేలకు రాయితీ వచ్చాయి. 1995 ఆగస్టు 1తో అదీ ముగిసింది. రాయితీ పోయాక ధాన్యం తక్కువగా ఎక్కే శాఖామార్గాలను రైల్వే కంపెనీలు వదిలించుకోవడం వేగం పుంజుకుంది. చెక్క ఎలివేటర్లను కూల్చి, వందకు పైగా వ్యాగన్ల రైలును ఒకేసారి నింపగల కాంక్రీటు టెర్మినళ్లను కొన్ని చోట్ల మాత్రమే కట్టారు. ఈ మార్పుకు ముందస్తు సూచన హైవే 13 మీదే ఉంది. రైతులు తమ సొంత పెట్టుబడితో కట్టుకున్న వేబర్న్ ఇన్‌లాండ్ టెర్మినల్ 1976లోనే మొదలైంది.

అన్ని చోట్లా పట్టాలు పోలేదు. 2000లో కెనడియన్ పసిఫిక్ అనే పెద్ద రైల్వే కంపెనీ వదులుకున్న షానవాన్ ప్రాంతపు మార్గాలను గ్రేట్ వెస్టర్న్ రైల్వే అనే చిన్న సంస్థ తీసుకుంది. 2004లో స్థానికులే డబ్బు పోగుచేసి దాన్ని కొనుక్కున్నారు. పాంగ్‌మన్, అసినిబోయాల మధ్య రెడ్ కోట్ రోడ్ అండ్ రైల్ నడుస్తోంది. ఈ చిన్న రైళ్లు లాభనష్టాల లెక్కలో ఎలా ఉన్నా, అవి మోసే ప్రతి వ్యాగను హైవే 13 మీద రెండు పెద్ద ట్రక్కులను తప్పిస్తుంది. రోడ్డు ఖర్చు లెక్కగట్టేటప్పుడు ఇది కలపకపోతే ఆ లెక్క తప్పు.

సన్నపొర రోడ్డు అంటే

ఇప్పుడు రోడ్డు లోపలికి వద్దాం. సస్కాచెవాన్ ప్రావిన్సు నిర్వహించే హైవేలు సుమారు 26,000 కిలోమీటర్లు. వీటికి తోడు 296 గ్రామీణ మున్సిపాలిటీల కింద ఇంకెన్నో రెట్ల పొడవున మట్టి, కంకర రోడ్లున్నాయి. జనాభా మాత్రం పన్నెండు లక్షల పైచిలుకు. తలసరి రోడ్డు పొడవు ఇంతగా ఉన్న చోటు ప్రపంచంలో అరుదు.

1960, 70లలో ఊళ్లను దుమ్ము, బురదల నుంచి బయటపడేయడానికి ప్రభుత్వం చౌకైన మార్గం ఎంచుకుంది. బంకమట్టి కట్టను చదును చేసి, రోలర్‌తో అణచి, దాని మీద నేరుగా 20–25 మిల్లీమీటర్ల తారు పొర పరిచారు. మధ్యలో కంకర పొర లేదు. దీన్నే థిన్ మెంబ్రేన్ సర్ఫేస్ అంటారు, సన్నపొర రోడ్డు అనుకోవచ్చు. ఈ పొర బరువు మోయదు. వాన కిందికి దిగకుండా, దుమ్ము పైకి లేవకుండా చూడడమే దాని పని. బరువంతా మోసేది కింది మట్టే. కార్లకూ, చిన్న ట్రక్కులకూ అది సరిపోయింది. ఆనాటి ఇంజనీర్లను ఇవాళ తప్పుపట్టడం అన్యాయం. ఉన్న డబ్బుతో ఎక్కువ ఊళ్లకు తారు రోడ్డు ఇవ్వగలిగారు.

ఆ మట్టి ఎలాంటిదో తెలుగు నేల మీద వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. మన నల్లరేగడిలో ఉన్న మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజమే దక్షిణ సస్కాచెవాన్ బంకమన్నులోనూ ఎక్కువ. హిమనదాలు కరిగి ఏర్పడిన ప్రాచీన సరస్సుల అడుగున పేరుకున్న సన్నని ఒండ్రు అది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఆదిలాబాదు, కర్నూలు రోడ్లు వేసిన వాళ్లు పడే బాధలన్నీ అక్కడా ఉన్నాయి, వాటి పైన చలి అదనం.

ఆ చలి ఎంత? వేబర్న్‌కు అటూ ఇటూ ఉన్న యెలో గ్రాస్, మిడేల్ ఊళ్లలో 1937 జులై 5న 45 డిగ్రీలు నమోదైంది. 2021 దాకా కెనడా మొత్తానికీ అదే రికార్డు. అదే ప్రాంతంలో శీతాకాలం మైనస్ 40కి దిగుతుంది. ఇంత తేడాను తట్టుకోలేక తారు కుంచించుకుపోయి రోడ్డుకు అడ్డంగా పగుళ్లిస్తుంది. ప్రతి పగులూ నీటికి తలుపే.

కరిగే కాలంలో ఏమవుతుంది

పొలం మీద మంచు దుప్పటి ఉంటుంది కనుక అక్కడి నేల అంత లోతుకు గడ్డకట్టదు. రోడ్డు మీది మంచును తోసేస్తారు. అందుకే రోడ్డు కింద నేల రెండు మీటర్ల దాకా, కొన్ని ఏళ్లలో ఇంకా లోతుకు గడ్డకడుతుంది. గడ్డకట్టే అంచు కిందికి దిగుతూ, లోపలి తడిని సన్నని మట్టి రంధ్రాల గుండా తన వైపు లాక్కుంటుంది. ఆ నీరు పలకలు పలకలుగా ఐస్ అవుతుంది. రోడ్డు ఉబ్బడానికి అసలు కారణం ఈ పలకలే. నీరు ఐసైనప్పుడు పెరిగే తొమ్మిది శాతం అందులో చిన్న భాగం మాత్రమే. అంటే శీతాకాలం ముగిసే సరికి రోడ్డు కింద శరదృతువులో ఉన్న దానికంటే ఎక్కువ నీరు చేరి ఉంటుంది.

మార్చి చివర ఎండ తగలగానే నల్లటి తారు వేడెక్కి, కరగడం పైనుంచి మొదలవుతుంది. కింద ఇంకా గడ్డే. పక్కల తోసిపోసిన మంచు కింద రోడ్డు భుజాలూ, అంటే తారుకు రెండు పక్కలా ఉండే అంచు నేల కూడా, గడ్డే. కరిగిన నీరు కిందికీ పోలేక, పక్కకీ పోలేక పళ్లెంలో నిలిచినట్టు నడుమ నిలుస్తుంది. ఆ మట్టి అప్పుడు దాదాపు జావ. బరువైన ట్రక్కు దాని మీద వెళ్తే చక్రాల కింద పొర లోపలికి వంగి, పక్కన ఉబ్బి, తారు చీలుతుంది. మొదట బయటి చక్రం వెళ్లే జాడలో, అంచుకు దగ్గరగా ఇది మొదలవుతుంది. నాలుగు ట్రక్కులు పోయేసరికి చీలిక గుంతవుతుంది.

అందుకే అనుభవమున్న నిర్వహణ సిబ్బంది కరుగు మొదలవక ముందే భుజాల మీది మంచును ఇంకా వెనక్కి, రోడ్డు పక్క కాలువ అవతలి గట్టు వైపు తోస్తారు. గడ్డకట్టిన తూములను ఆవిరి యంత్రంతో తెరుస్తారు. తూము మూసుకుపోతే కాలువలో నీరు రోజుల తరబడి కట్టను నానబెడుతుంది. ఈ రెండు పనులకు అయ్యే ఖర్చు తక్కువ, ఫలితం పెద్దది. బడ్జెట్ కోతల్లో ముందు పోయేదీ ఇవే.

బరువుకో క్యాలెండర్

అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో 1958–60 మధ్య ట్రక్కులు తిప్పి రోడ్డు తట్టుకునే తీరు చూసిన ఆషో రోడ్ టెస్ట్ అనే ప్రయోగం నుంచి ఇంజనీర్లు ఒక సూత్రం తీశారు: రోడ్డుకు జరిగే నష్టం ఇరుసు బరువుకు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. ఒక టన్ను మోపే కారు ఇరుసుతో పోలిస్తే ఎనిమిది టన్నుల ఇరుసు ఎనిమిది రెట్లు కాదు, 4,096 రెట్లు నష్టం చేస్తుంది. పరిమితికి పది శాతం ఎక్కువ ఎక్కిస్తే నష్టం 46 శాతం పెరుగుతుంది. సన్నపొర రోడ్డు మీద ఈ లెక్క కచ్చితంగా వర్తించదు. అక్కడ మట్టి ఒక్క దెబ్బకే కుంగవచ్చు కాబట్టి నష్టం ఇంకా ఎక్కువే.

ఇప్పుడు ధాన్యం తోలే ప్రధాన వాహనం సూపర్ బి. లాగే ముందు బండికి (దీన్ని ట్రాక్టరు అంటారు) రెండు ట్రెయిలర్లు, మొత్తం ఎనిమిది ఇరుసులు. ఎక్కువ బరువు అనుమతించే ప్రాథమిక హైవే మీద ముందు ఇరుసు 5,500 కిలోలు, జంట ఇరుసులు 17,000 చొప్పున రెండు, నడుమ మూడిరుసుల గుంపు 24,000, మొత్తం 63,500 కిలోలు. ఖాళీ బండి సుమారు 20 టన్నులు పోను ధాన్యం 43 టన్నుల దాకా. పాతకాలపు చిన్న ట్రక్కులు ఐదారింటి సరుకు.

సంవత్సరమంతా ఒకే పరిమితి ఉండదు. సుమారుగా నవంబరు మధ్య నుంచి మార్చి మధ్య దాకా నేల రాయిలా గట్టిపడి ఉంటుంది కనుక, మామూలుగా తక్కువ బరువు అనుమతించే ద్వితీయ శ్రేణి హైవేల మీద కూడా ప్రాథమిక బరువులు తోలనిస్తారు. కరుగు మొదలవగానే తిరగబడుతుంది. వసంతకాలపు బరువు నిషేధాలు ఒక్కో రోడ్డు ముక్కకు విడిగా ప్రకటిస్తారు, అవి ఆరు వారాల దాకా ఉండవచ్చు. రైతుకు ఇది చిన్న విషయం కాదు. అదే సమయంలో విత్తనం, ఎరువు పొలానికి చేరాలి. శీతాకాలం ధాన్యం ధర కోసం ఆగినవాడు మార్చిలో అమ్మాలనుకుంటే ట్రక్కు సగమే నింపాలి.

నిషేధం పనికొస్తుందా అనే వాదన ప్రతి ఏడూ వస్తుంది. లెక్క చూద్దాం. మానిటోబాలో రెండో స్థాయి నిషేధంలో ఇరుసు బరువు మామూలులో 65 శాతానికి తగ్గుతుంది. 0.65 నాలుగో ఘాతం 0.18. అంటే ఒక్క ట్రిప్పు నష్టం ఐదో వంతు లోపే. బండి బరువు మారదు కనుక సరుకు 43 నుంచి 21 టన్నులకు పడిపోయి, ఒకటికి బదులు రెండు ట్రిప్పులు తిరగాలి. రెండూ కలిపినా నష్టం 0.36. నిషేధం పనికొస్తుంది, అయితే డీజిలు, డ్రైవరు ఖర్చు రెట్టింపై రైతు మీద పడుతుంది. ప్రావిన్సు ఆదా చేసిన డబ్బు రైతు జేబు లోంచి వచ్చిందన్న ఫిర్యాదులో నిజముంది.

వేబర్న్, స్టౌటన్ వైపు ధాన్యంతో పాటు చమురు కూడా ఉంది. 1950లలో బయటపడిన వేబర్న్ చమురు క్షేత్రానికి తిరిగే ట్యాంకర్లు, డ్రిల్లింగ్ సామాను వాహనాలు పంటల కాలం చూసుకోవు. తూర్పు భాగంలో రోడ్డుకు ఊపిరి తీసుకునే నెలలే లేవు.

గుంత పూడ్చడంలో జరిగే తప్పు

తడి గుంతలో చల్లటి తారుమిశ్రమం పోసి చక్రంతో తొక్కించి వెళ్లిపోవడం తాత్కాలికమే. కింది మట్టి జావగా ఉన్నంతకాలం ఆ అతుకు వారమో పది రోజులో ఉంటుంది. నిలిచే మరమ్మతుకు దెబ్బతిన్న మేరకంటే బయటకు, 450–600 మిల్లీమీటర్ల లోతుకు తవ్వాలి. ఇక్కడ ఒక సంగతి చాలామందికి వింతగా తోస్తుంది. ఆ గోతిని మంచి కంకరతో నింపడం మంచిది కాదు. చుట్టూ బంకమట్టి, నడుమ కంకర ఉంటే అది నీళ్ల తొట్టవుతుంది. చలికాలంలో చుట్టుపక్కల కంటే వేరుగా ఉబ్బి రోడ్డు మీద గూని లేస్తుంది. చుట్టూ ఉన్న మట్టినే ఆరబెట్టి, 150 మిల్లీమీటర్ల పొరలుగా అణచడం మేలు. కంకరే వాడాల్సి వస్తే గోతి నుంచి పక్క కాలువకు నీరు పోయే దారి తప్పక తీయాలి. బంకమన్నులో మూడు నుంచి ఆరు శాతం సున్నం కలిపితే ఉబ్బే గుణం తగ్గుతుంది. నల్లరేగడికి మన దగ్గర వాడే ఉపాయమే. కానీ నేల వెచ్చగా ఉంటేనే ఆ చర్య జరుగుతుంది, అక్కడ వేసవి చిన్నది.

పూర్తిగా బాగుచేయడమంటే కట్ట ఎత్తి, వెడల్పు చేసి, కంకర పునాది పరిచి, దాని మీద తారు వేయడం. ఇన్ని వేల కిలోమీటర్లకు ఆ డబ్బు రాదు. అందుకే కొన్ని ముక్కలను తిరిగి కంకర రోడ్లుగా మార్చారు. ఊళ్లలో దీనికి వచ్చిన కోపం అర్థమవుతుంది, తారు రోడ్డు పోవడమంటే ఊరు పోవడమనే భయం. అయినా రోజుకు నూట యాభై, రెండు వందల వాహనాలు దాటని చోట, చీలిపోయిన తారు కంటే బాగా చూసుకునే కంకర రోడ్డే సురక్షితం. విరిగిన తారు అంచు టైరును చీలుస్తుంది, బ్లేడుతో రోడ్డును చదును చేసే గ్రేడర్ యంత్రం దాన్ని సరిచేయలేదు. కంకరను సరిచేయగలదు.

కానీ 'బాగా చూసుకునే' అన్న మాట లేకుండా ఈ వాదన నిలవదు. కంకరలో పదో వంతు దాకా సన్నని బంకపొడి ఉండాలి. తక్కువైతే రాళ్లు విడిపోయి రోడ్డంతా అలలు అలలుగా గతుకులు లేస్తాయి, ఎక్కువైతే వానకు జారుతుంది. నడుమ నుంచి అంచుకు నాలుగు శాతం వాలు ఉండాలి, అంటే నాలుగు మీటర్లకు 16 సెంటీమీటర్లు. గ్రేడర్ బ్లేడు అల అడుగు దాకా కోసి మళ్లీ పరచాలి. పైపైన గీరితే పల్లాల్లో విడి కంకర నిండుతుంది, రెండో రోజుకే అవే అలలు తేలతాయి. ఈ పని వాన పడిన మర్నాడు, తడి ఆరక ముందు చేయాలి. అంచున కంకర గట్టులా మిగిల్చిపోతే నీరు రోడ్డు మీదే నిలుస్తుంది.

గాలి, మంచు, గడ్డి

మైదానంలో కురిసే మంచు కంటే ఎగిరే మంచు పెద్ద సమస్య. ఆకాశం నిర్మలంగా ఉన్నా పొలాల మీది మంచు గాలికి లేచి ముందు బండిని కనిపించనివ్వదు. రోడ్డును పొలం కంటే ఎత్తుగా, వాలు తక్కువగా కట్టేది గాలి మంచును దాటించుకుపోవడానికే. మంచు కంచె పెడితే దాని ఎత్తుకు 35 రెట్ల దూరంలో, గాలి వచ్చే వైపు పెట్టాలి. 1.2 మీటర్ల కంచెకు 42 మీటర్లు. దగ్గరగా పెడితే కంచె మేట తెచ్చి రోడ్డు మీదే పోస్తుంది. చెట్ల వరసకూ ఇదే నియమం. మైనస్ 20లో ఉప్పు పనిచేయదు, అందుకే కొద్ది శాతం ఉప్పు కలిపిన ఇసుక చల్లుతారు. అది మంచును కరిగించదు, టైరుకు పట్టునిస్తుంది.

వేసవిలో ఆ వెడల్పాటి కాలువల్లో గడ్డి ఏపుగా పెరుగుతుంది. జులై 8 దాకా దాన్ని కోసుకునే తొలి అవకాశం పక్క పొలం రైతుది. ఆ తర్వాత ఎవరైనా కోసుకోవచ్చు. కట్టలు ఆగస్టు 8 లోపు తీసేయాలి. గడ్డి నిలిచి ఉంటే చలికాలంలో మంచును పట్టి ఆపుతుంది, జింకలను దాస్తుంది. అందుకే ఈ ఏర్పాటు రైతుకూ, రోడ్డుకూ మేలు.

ఈ రోడ్ల మీద నడిపే వాళ్లకు

సస్కాచెవాన్‌లోని పెద్ద నగరాలు రెజైనా, సస్కటూన్‌లలో ఇప్పుడు తెలుగు కుటుంబాలు, విద్యార్థులు చెప్పుకోదగ్గంత మంది ఉన్నారు. ఈ ప్రాంతంలో ట్రక్కులు నడిపే భారతీయులూ ఎక్కువే. వాళ్లు తెలుసుకోవాల్సిన అతి ముఖ్యమైన సంగతి కూడళ్లది. చదరాల నేల కనుక రెండు వేగవంతమైన రోడ్లు లంబంగా, సిగ్నల్ లేకుండా, ఒక ఆగు గుర్తు మాత్రమే అడ్డుగా కలుస్తాయి. గంటల తరబడి ఏమీ ఎదురుకాని రోడ్డు మీద ఆ గుర్తు కళ్ల ముందే ఉన్నా మనసుకు తట్టదు. 2018 ఏప్రిల్ 6న హైవే 35, 335 కూడలిలో హంబోల్ట్ బ్రాంకోస్ హాకీ జట్టు బస్సు, ఒక ట్రక్కు ఢీకొని 16 మంది చనిపోయారు. తర్వాత సస్కాచెవాన్ 2019 మార్చి 15 నుంచి ట్రక్కు లైసెన్సుకు కనీసం 121.5 గంటల శిక్షణ తప్పనిసరి చేసింది.

వేగ పరిమితి బోర్డు లేకపోతే గంటకు 80 కిలోమీటర్లు అనే లెక్క. చాలా హైవేల మీద 100. బయలుదేరే ముందు ప్రావిన్సు నడిపే హైవే హాట్‌లైన్ పటం చూడాలి. 'ప్రయాణం మంచిది కాదు' అని అందులో ఉంటే అది లాంఛనం కాదు. చలికాలంలో ట్యాంకు సగం కంటే తగ్గనివ్వకూడదు, రాత్రి ఇంజను హీటరును ప్లగ్గుకు తగిలించాలి. దుప్పటి, పార, కొవ్వొత్తులు, తినేది ఏదైనా బండిలో ఉండాలి. మంచులో చిక్కుకుంటే బండి దిగి నడవకూడదు. పొగగొట్టం దగ్గర మంచు తీసేసి, ఇంజన్ను అప్పుడప్పుడు మాత్రమే నడపాలి. లేకపోతే విషవాయువు లోపలికి వస్తుంది. కంకర రోడ్డు మీద సూపర్ బి ఎదురొస్తే ముందుగానే వేగం తగ్గించి కుడికి జరగాలి, కానీ మెత్తటి అంచు దాకా పోకూడదు. అది దాటిపోయాక దుమ్ము తేరుకునే దాకా వేగం పెంచకూడదు, దాని వెనక ఇంకో ట్రక్కు ఉండొచ్చు.